బడి ముందర డివైడర్

మా అన్నా నేనూ పోట్లాడుకున్నది ఆస్తి కోసం కాదు. పంచుకోవడానికి మాకు ఆస్తంటూ ఏమీ లేదు. మార్కాపురంలో మా బడి ముందు, రోడ్డు మధ్యలో కట్టిన మోకాలెత్తు సిమెంటు గోడ గురించి పోట్లాడుకున్నాం. చుట్టాలకు ఈ మాట చెబితే నమ్మరు. అంత చిన్న విషయానికి అన్నాచెల్లెళ్లు మాటలు మానేస్తారా అంటారు. వాళ్లకు చెప్పడం మానేసి చాలాకాలమైంది. ఇక్కడ మాత్రం మొదటి నుంచీ చెబుతాను.

నేను బాలికల హైస్కూల్లో పీఈటీని. పిల్లలు డ్రిల్ మేడం అంటారు. ఇంటి నుంచి బడికి సైకిల్ మీదే వెళ్తాను. ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ అంతే. మా ఆయన ఆర్టీసీ డ్రైవరు, శ్రీశైలం సర్వీసు నడుపుతాడు. దోర్నాల దాటి ఘాట్ రోడ్డు ఎక్కేవాడికి మన ఊరి రోడ్డంటే లెక్క ఉండదనుకుంటాం గానీ, ఆయనకు భయమంతా ఊళ్లోనే. "పైన సీట్లో కూసున్నోనికి సైకిల్ కనపడదు. కనపడినాక బ్రేక్ పడదు. నీ ఇష్టం ఇంక," అని ఒక్కసారే చెప్పాడు. మళ్లీ ఎత్తలేదు. ఆయన మాట తక్కువ మనిషి.

మాటలన్నీ మా అన్నవే. మాది బేస్తవారిపేట దగ్గర పల్లె. నాయనా అమ్మా కూలికి పోయేవాళ్లు. ఇంట్లో చక్రాలున్న వస్తువు నాయన సైకిల్ ఒక్కటే. నేను హైస్కూలుకు వచ్చేసరికి అన్న చదువు ఆపేసి బేల్దారి పనికి వెళ్తున్నాడు. పొద్దున్నే నన్ను వెనక కూర్చోబెట్టుకుని బడి దగ్గర దించి, అటునుంచి అటే పనికి వెళ్లేవాడు. సాయంత్రం తలంతా సిమెంటు దుమ్ముతో వచ్చి ఎక్కించుకునేవాడు. నేను చదువుకుని ఉద్యోగం తెచ్చుకున్నానంటే వాడు తొక్కిన తొక్కుడే. ఈ మాట వాడితో మాటలున్నప్పుడూ చెప్పాను, లేనప్పుడూ చెబుతున్నాను.

అన్న బేల్దారి నుంచి మేస్త్రీ అయ్యాడు. మేస్త్రీ నుంచి చిన్న చిన్న కాంట్రాక్టులకు వచ్చాడు. కాంట్రాక్టులు కావాలంటే నాయకుల వెంట తిరగాలి, తిరిగాడు. మార్కాపురంలో ఇల్లు కట్టాడు. తెల్ల కారు కొన్నాడు. ఇంటి నుంచి పాల కేంద్రానికి ఆ కారులోనే వెళ్లేవాడు. నడిస్తే అరుగు దిగి ఎక్కినంత దూరం.

ఆదివారం చర్చి అయ్యాక మధ్యాహ్నం భోజనం అన్న ఇంట్లోనే. వదిన కోడికూర చేసేది. కంచాల ముందు కూర్చోగానే మా ఇద్దరికీ రాజకీయం మొదలయ్యేది. వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు వస్తాయా రావా, వస్తే ఆ ఘనత ఎవరిది, మన ఊరు జిల్లా అయితే ఏమొస్తుంది. అన్న ఏ పార్టీలో ఉంటే ఆ పార్టీ వైపు మాట్లాడేవాడు. నేను ఏ పార్టీలోనూ లేను గనక ఎటైనా మాట్లాడేదాన్ని. మా ఆయన ఇంట్లో ఉన్న ఆదివారమైతే ముక్కలు ఏరుకుని తిని, చెయ్యి కడుక్కుని, వరండాలో పడుకునేవాడు. వదిన "మీ ఇద్దరూ అసెంబ్లీకి పోండి, మాకు కూర మిగుల్తాది" అనేది. పోట్లాటలే అయినా వారమంతా ఆ పూట కోసం ఎదురుచూసేదాన్ని.

ఒక ఆదివారం మాట కారు మీదికీ సైకిల్ మీదికీ మళ్లింది. ఊరంతా కార్లయిపోయాయి, పండగ పూట శివాలయం వైపు నడిచే దారి కూడా లేదు, నలుగురు పట్టే రోడ్డును ఒక్కడు ఆక్రమిస్తున్నాడు అని నేనేదో అన్నాను. అన్న చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు.

"నీకు గుర్తుండాదా చెల్లే? మనూళ్లో పెద్దోళ్ల వీధి మొగదలకొచ్చేసరికి నాయన సైకిల్ దిగేటోడు. ఆ చివరిదాకా నడిపించుకుంటానే పోయేటోడు. ఎండగానీ వానగానీ. ఎవురూ దిగమని నోరు తెరిచి అన్లా. వాళ్లు అట్ల చూస్తే చాలు."

"గుర్తుంది. వెనక సీటు మీదుంటే నన్ను కూడా దించేటోడు."

"మొన్న అదే వీధిలోకి నేను కార్లో పోయినా. కావాలనే పోయినా, నాకక్కడ పనేం లేదు. అరుగు మీద కూసున్న ముసలాయన లేచి పక్కకు జరిగినాడు. 'ఎవురు నాయనా' అన్నాడు. ఫలానా ఆయన కొడుకునని చెప్పినా. దిగి చెప్పలేదు, లోపల కూసోనే చెప్పినా. నీకు కారంటే ఇనుము, నాకు అది."

నేను అడిగాను, "నాయన దిగింది సైకిల్ వల్లనా అన్నా?"

"కాదు. కానీ కార్లో పోయేటోన్ని దిగమనలేరు గదా."

అన్న చెప్పింది అబద్ధం కాదు. నాయన దిగి నడిపించుకుంటూ పోయిన ఆ సైకిలే నన్ను చదివించిందన్న నా మాట కూడా అబద్ధం కాదు. ఒకే ఇంట్లో పుట్టి, ఒకే సైకిల్ మీద తిరిగి, ఇద్దరం రెండు సంగతులు నేర్చుకున్నాం.

బడిలో నా పని డ్రిల్లు, ఖోఖో, కబడ్డీ. దాంతోపాటు నాకు నేనే పెట్టుకున్న పని ఇంకొకటుంది. తొమ్మిదో తరగతి పిల్లలకు ప్రభుత్వం సైకిళ్లిచ్చేది. సగం మందికి తొక్కడం రాదు. వాళ్ల నాయనలో అన్నలో వాడుకునేవాళ్లు. సైకిల్ వచ్చింది పిల్ల పేరు మీద, తిరిగేది వేరొకరు. అది నాకు కడుపుమంటగా ఉండేది. సాయంత్రం గ్రౌండులో వెనక సీటు పట్టుకుని పరిగెత్తి, తొక్కడం నేర్పేదాన్ని. పడేవాళ్లు, మోకాళ్లు చీరుకునేవి, లేచి మళ్లీ ఎక్కేవాళ్లు. ఏడాది తిరిగేసరికి బడి ఎదురు కాలనీ నుంచి పొద్దున్నే పిల్లల సైకిళ్లు వరసగా వచ్చేవి. తెల్ల రిబ్బన్లు, బ్యాగులు, క్యారియర్లు. కాలనీ సందు మొగలో ఆగి, అటూ ఇటూ చూసి, అందరూ ఒకేసారి రోడ్డు దాటేవాళ్లు. దాటేటప్పుడు గంటలన్నీ కలిపి కొట్టేవాళ్లు. హెడ్మిస్ట్రెస్ మేడం ఆ గోల భరించలేక చెవులు మూసుకునేది.

ఎన్నికలొస్తే మాత్రం సైకిల్ తొక్కడం కష్టం. మా రాష్ట్రంలో అది ఒక పార్టీ గుర్తు. టీ అంగడి ముందు నుంచి వెళ్తుంటే "ఏం మేడం, ఈసారి గ్యారంటీనేనా?" అని ఒకరు, "మేడం, గవర్నమెంటు జీతం తీసుకుంటా ప్రచారమా?" అని ఇంకొకరు. ఇంట్లో ఫ్యాను కింద పడుకునేవాళ్లను ఎవరూ అలా అడగరు. ఒకసారి సైకిల్ బజారులో పెట్టి కూరగాయలు తీసుకుని వచ్చేలోపు ఎవరో హ్యాండిల్‌కు జెండా కట్టారు. విప్పుతుంటే మరొకడు ఫోన్‌తో ఫొటో తీశాడు. ఆ ఫొటో బడి వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. హెడ్మిస్ట్రెస్ మేడం పిలిచి, "ఎలక్షన్లు అయ్యేదాకా ఆటోలో రామ్మా, నాకెందుకీ తలనొప్పి," అంది. నేను నడిచి వెళ్లాను.

ఆ ఎన్నికలు అయిపోయాక రోడ్డు వెడల్పు పని మొదలైంది. జిల్లా అవుతుందని, దానికి తగ్గట్టు రోడ్డు ఉండాలని అన్నారు. పక్కనున్న వేపచెట్లు కొట్టేశారు. పిల్లలు సైకిళ్లు తొక్కే మట్టి అంచు తారు కింద కలిసిపోయింది. తారు అంచు దాటితే మురుక్కాలవే. మధ్యలో డివైడర్ కట్టాలి. ఆ డివైడర్‌లో కొంత ముక్క మా అన్నకు వచ్చింది. మా బడి ముందర ముక్కే.

నేను సంతోషపడ్డాను. నిజంగానే. అన్న చేతిలో ఉంది గనక బడి ఎదురుగా పిల్లలు దాటడానికి ఒక సందు వదులుతాడనుకున్నాను. అడగాల్సిన అవసరం కూడా లేదనుకున్నాను.

గోడ బడి దాకా వచ్చింది. బడి దాటింది. ఎక్కడా ఆగలేదు. కాలనీ నుంచి చూస్తే కుడివైపు ఒక ఫంక్షన్ హాల్ ముందు మాత్రం రెండు కార్లు పట్టేంత సందు వదిలారు. ఆ హాల్ ఎవరిదో ఊళ్లో అందరికీ తెలుసు. ఎడమవైపు మళ్లీ సందు పెట్రోల్ బంకు దగ్గరే. కాలనీ నుంచి వచ్చే పిల్ల ఎదురుగా కనిపిస్తున్న బడికి పోవాలంటే ఎడమకు తిరిగి బంకు దాకా తొక్కి, అక్కడ లారీల మధ్య మలుపు తిరిగి, మళ్లీ అంత దూరం వెనక్కి రావాలి. లేకపోతే కుడికి తిరిగి, వచ్చే బండ్లకు ఎదురుగా ఫంక్షన్ హాల్ దాకా పోవాలి. అది దగ్గర. ఏ పిల్లయినా ఎటు పోతుందో చెప్పడానికి డ్రిల్ మేడం అక్కర్లేదు.

ఆ ఆదివారం కంచం ముందు కూర్చోకముందే అడిగాను.

"అన్నా, బడి ముందర ఒక్క సందు వదలరా."

"డ్రాయింగ్‌లో లేదమ్మా."

"ఫంక్షన్ హాల్ కాడ డ్రాయింగ్‌లో ఉండాదా?"

అన్న నవ్వాడు. "అది పైవాళ్లు చూసుకున్నారు. నేను గీత గీసిన కాడ గోడ కట్టేటోన్ని. నన్నడిగితే ఏం లాభం?"

"ఎవరిని అడగాలి మరి?"

"చెప్తా ఉండు. టైం రానీ."

టైం కోసం నేను ఆగలేదు. ఇద్దరు టీచర్లను వెంటబెట్టుకుని అధికారంలో ఉన్న పార్టీ నాయకుడి ఇంటికి వెళ్లాను. ఆయన మర్యాదగా కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, ఈ రోడ్డు డిజైన్ పాతవాళ్ల హయాంలో చేసిందని చెప్పాడు. పాతవాళ్ల దగ్గరికి వెళ్లాం. అక్కడా కాఫీ ఇచ్చారు. అధికారం వాళ్ల చేతిలో ఉంది గదా, వాళ్లనే నిలదీయండి, మేం వెనక ఉంటాం అన్నారు. బయటికి వచ్చాక మాతో వచ్చిన లెక్కల టీచరు "రెండు చోట్లా కాఫీ బాగుంది మేడం" అంది. నవ్వుకున్నాం. ఆ తర్వాత ఆమె ఎక్కడికీ రాలేదు.

అన్న చెప్పిన టైం వచ్చింది. పర్యావరణం కోసమని ఊళ్లో సైకిల్ ర్యాలీ పెట్టారు. రెండు పార్టీలవాళ్లూ, వ్యాపారులూ, అధికారులూ అందరూ వస్తున్నారు. అన్న స్వయంగా మా ఇంటికి వచ్చాడు.

"నీ పిల్లల్ని తోలుకొని రా. ముందు వరసలో వాళ్లే. చివర్లో మైకు నీకిప్పిస్తా. అందరి ముందర అడుగు, కాదనలేరు. ఇంతకన్నా నేనేం చేసేది చెప్పు?"

నాకు అన్న మీద ప్రేమ పొంగుకొచ్చింది. పిల్లలకు రెండు రోజులు వరసలో తొక్కడం నేర్పాను. ఆ ఉదయం వాళ్ల సైకిళ్లు తుడుచుకుని, జడలు బిగించుకుని వచ్చారు. పెద్దమనుషులకు అద్దె సైకిళ్లు లారీలో వచ్చాయి. కొందరికి తొక్కి ఎన్నేళ్లయిందో, ఇద్దరు మనుషులు పట్టుకుంటే గానీ ఎక్కలేకపోయారు. వెనక వాళ్ల కార్లు, హారన్లు కొట్టుకుంటూ. ఊరి మధ్య నుంచి మా బడి గేటు దాకా ర్యాలీ. ఆ రోజు పోలీసులు రోడ్డు రెండు వైపులా ఆపేశారు గనక పిల్లలు రోడ్డంతా తమదే అన్నట్టు తొక్కారు. గంటలన్నీ కలిపి కొట్టారు.

అన్న మాట నిలబెట్టుకున్నాడు. మైకు ఇప్పించాడు. నేను అడిగాను. నాయకుడు నా చేతిలోంచి మైకు తీసుకుని, "మన చెల్లెమ్మ అడిగింది, వారంలోగా ఇక్కడ దారి తెరిపిస్తా," అన్నాడు. చప్పట్లు. ప్రతిపక్షం ఆయన కూడా కొట్టాడు. అందరూ కార్లెక్కి వెళ్లిపోయారు. అద్దె సైకిళ్లు లారీ ఎక్కాయి. పిల్లలకు ఒక బిస్కెట్ పొట్లం, ఒక మజ్జిగ ప్యాకెట్ ఇచ్చారు.

వారం పోయింది. నెల పోయింది. అన్నను అడిగితే, "అడిగినా. చూస్తామన్నారు. నేను రోజూ అడిగితే బాగుంటాదా? రేపు నాకు బిల్లు రావాల," అన్నాడు. నేను గట్టిగా అన్నాను, వాడూ గట్టిగా అన్నాడు. అయినా అప్పటికింకా ఆదివారాలు ఆగలేదు.

తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల ఉండేది. తల్లి పలకల ఫ్యాక్టరీలో పనిచేసేది. ఆ పిల్ల ఆటల్లో పెద్ద గట్టిదేం కాదు, మాటల్లో గట్టిది. ఖోఖోలో కూర్చోబెడితే పక్కపిల్లతో మాట్లాడుతూ లేవడం మరిచిపోయేది. "ఏమే, నీకు ఖో ఇచ్చినారు" అని జట్టంతా అరిస్తే, "మాట అయిపోనీండి" అనేది. సైకిల్ మీద కూడా వెనక్కి తిరిగి మాట్లాడుతూనే తొక్కేది. వాళ్లమ్మ ఒకసారి బడికి వచ్చి, "దీని నోటికి తాళమేయండి మేడం, ఇంట్లో నేను వేయలేక సస్తన్నా," అని నవ్వింది.

ఆ రోజు పొద్దున నేను గేటు దగ్గర నిలబడి ఉన్నాను. కాలనీ సందు మొగలో పిల్లలు కనిపించారు. ఎప్పట్లాగే కుడికి తిరిగారు, అంచు మీద ఒకరి వెనక ఒకరు. శ్రీశైలం పోయే కారొకటి వాళ్లకు ఎదురుగా వచ్చింది. పొరుగూరిది, దానికి ఈ పిల్లల సంగతి తెలియదు. దాని ముందు ఒక ఆటో ఉన్నట్టుండి ఆగింది. కారు ఆటోను తప్పించి పక్కకు వచ్చింది. అక్కడ పిల్లలున్నారు. ముందు పిల్లలు మురుక్కాలవలోకి దూకేశారు. ఈ పిల్ల చివరిది.

నేను డివైడర్ ఎక్కి దూకాను. నాకు అది ఒక్క అంగ. సైకిల్ ఉన్న పిల్లకు కాదు.

కారులో ఉన్నది ముసలివాళ్లు, ఆడవాళ్లు, మొక్కుకుని దర్శనానికి పోతున్న కుటుంబం. పారిపోలేదు. ఆ నడుపుతున్నతను ఏడుస్తూ, పిల్లను తన కారులోనే ఎక్కించాడు. ముసలామె దిగిపోయి రోడ్డు పక్కన నిలబడి చోటిచ్చింది. పిల్ల తల నా ఒళ్లో ఉంది. కాలు వైపు నేను చూడలేదు. దారంతా ఆ పిల్ల ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అది నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది. ఇక్కడి ఆసుపత్రిలో కట్టు కట్టి ఒంగోలుకు పంపారు. ప్రాణం దక్కింది. కాలిలో రాడ్లు వేశారు.

మర్నాటికి ఇది రాజకీయమైంది. ఒక పార్టీవాళ్లు ఒంగోలు వెళ్లి ఆపిల్ పండ్లిచ్చి ఫొటో దిగారు. మధ్యాహ్నానికి రెండోవాళ్లు బత్తాయిలతో వెళ్లారు. ఒకరు బడి ముందు ధర్నా అన్నారు, ఇంకొకరు ఎదురు ధర్నా అన్నారు. ధర్నాకు వచ్చినవాళ్ల కార్లు ఆపడానికి చోటు లేక మా గ్రౌండు గేటు తెరిపించారు. ఖోఖో గీతల మీద పార్కు చేశారు. పేపర్లో చిన్న వార్త వచ్చింది, రాంగ్ రూట్లో వెళ్తున్న విద్యార్థినికి గాయాలని.

ఆ ఆదివారం నేను చర్చికి పోలేదు. నేరుగా అన్న ఇంటికే వెళ్లాను. వాడు సోఫాలో కూర్చుని ఫోన్ చూస్తున్నాడు. నన్ను చూసి లేచి, పక్కన కూర్చోబెట్టుకున్నాడు. వదిన నీళ్లు తెచ్చింది.

"ఎట్లుండాది పిల్ల?" అన్నాడు.

"కాలు తగ్గుతుందంటన్నారు. నడక మునుపటి మాదిరి రాదంట."

అన్న నాలుక చప్పరించాడు. "పాపం. కానీ తప్పు పిల్లదే అంట గదా. రాంగ్ రూట్‌లో పోయింది."

నాకు ముందు అర్థం కాలేదు. పేపర్లో అచ్చయిన మాట వాడి నోట్లోంచి అలాగే వచ్చింది.

"రైట్ రూట్ యాడుందన్నా?" అన్నాను.

"బంకు కాడ ఉండాది గదా."

"నీ కూతురైతే బంకు కాడికి పంపిస్తావా? లారీల నడుమ?"

"నా కూతురు కార్లో పోతాది."

వదిన "ఇంక చాలు, ఇద్దరూ ఊరుకోండి" అంది. మేం ఊరుకోలేదు.

"ఆ గోడ నువ్వు కట్టినావన్నా. నీ చేత్తో. బడి ముందర నిలబడి కట్టినావు. పిల్లలు రోజూ యాడ దాటుతారో నీకు తెలుసు. నన్ను రోజూ బడి కాడ దించినోడివి నువ్వు."

అన్న మొహం నల్లబడింది. లేచి నిలబడ్డాడు. "గోడ నేను కడితే, ఆ పిల్లల్ని రోడ్డు మీదికి తోలింది ఎవురు? సైకిల్ సైకిల్ అని. ఊళ్లో అందరూ ఆటోల్లో పంపించుకుంటే, నువ్వు కూలోళ్ల పిల్లల్ని పట్టుకొని, వాళ్లు ఎక్కడున్నారో అక్కడే ఉంచాలని... నాయన తొక్కినాడు, మనం తొక్కినాం, చాలదా? ఇంకెన్ని తరాలు తొక్కాల? ఇప్పుడొచ్చి నన్నంటన్నావు!"

నేను గ్లాసు కింద పెట్టాను. చెప్పులేసుకుని వచ్చేశాను. వదిన గేటు దాకా వచ్చి చెయ్యి పట్టుకుంది. "కూర అయింది, తినిపో" అంది. నేను తినలేదు.

ఆ తర్వాత మాటలు లేవు. అమ్మ ఉన్నన్నాళ్లూ ఇద్దరి మధ్యా కబుర్లు మోసేది. అమ్మ పోయినప్పుడు శవపేటికకు చెరోవైపు నిలబడ్డాం. వాడు నా వైపు చూశాడు. నేనూ చూశాను. సమాధి దగ్గర మట్టి వేసి, ఎవరి దారిన వాళ్లం వెళ్లాం.

నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఏమిటంటే, జరిగినదంతా వాడి మాటకే సాక్ష్యంగా మారింది. ఆ ప్రమాదం తర్వాత కాలనీ తల్లిదండ్రులు పిల్లల్ని సైకిళ్ల మీద పంపడం మానేశారు. నేను వాళ్లను తప్పుపట్టలేను. ఆటోలు మాట్లాడుకున్నారు. ఒక ఆటోలో పట్టినంతమంది, డ్రైవరు పక్కన ఇద్దరు వేలాడుతూ. ఆటో రాని రోజు బడి లేదు. ఆటో ఖర్చు భరించలేనివాళ్ల పిల్లలు వారంలో కొన్ని రోజులే వచ్చారు, తర్వాత పది కాకుండానే ఆగిపోయారు. సైకిల్ షెడ్డు ఖాళీ అయింది. హెడ్మిస్ట్రెస్ మేడం అందులో విరిగిన బెంచీలు వేయించింది. పొద్దున్న గేటు దగ్గర నిలబడితే ఆటోల పొగ తప్ప ఏమీ లేదు. మునుపు చెవులు మూసుకున్న ఆమే ఒకరోజు "ఏందో బడి నిద్రపోతున్నట్టుంది" అంది.

ఆ పిల్ల ఒక సంవత్సరం ఇంట్లో ఉండి, తన కంటే చిన్నవాళ్లతో కలిసి మళ్లీ తొమ్మిదిలో చేరింది. నడిస్తే ఒకవైపు వంగుతుంది. డ్రిల్ పీరియడ్‌లో నీడన కుర్చీ వేసి కూర్చోబెట్టాను. మొదటి రోజే నన్ను పిలిచి, "మేడం, మంచిదయింది. వీళ్లందరూ ఎండలో మాడతన్నారు, నేను రాణి మాదిరి కూసున్నా," అంది. నేను నవ్వాలని చెప్పిన మాట అది. నవ్వాను. ఈల నోట్లో పెట్టుకుని అటు తిరిగాను.

ఇంకో ఏడాదికి బడి పక్కన ఒక పెద్ద షాపింగ్ కాంప్లెక్స్ కట్టారు. అది తెరిచే ముందు బడి ఎదురుగా డివైడర్ పగలగొట్టి కార్లు తిరగడానికి సందు పెట్టారు. రెండు రోజుల పని. డ్రాయింగ్ ఎవరూ అడగలేదు. పగలగొట్టే పని కూడా మా అన్నదే. పనివాళ్ల పక్కన నిలబడి గొడుగు వేసుకుని చూస్తున్నాడు. నేను సైకిల్ మీద గేట్లోంచి వస్తూ చూశాను. అక్కడ ఒక ఫ్లెక్సీ కట్టారు, విద్యార్థినుల భద్రత కోసం దారి తెరిపించినందుకు ధన్యవాదాలని, నాయకుడి బొమ్మతో. ఎండకు వెలిసిపోయేదాకా అది ఉంది. ఇప్పుడు ఆ సందులో కార్లు ఇటు అటు తిరుగుతూ ఉంటాయి. నడిచి దాటే పిల్లలు వాటి కోసం ఆగి నిలబడతారు.

ఈ జూన్‌లో సైకిళ్లు మళ్లీ వచ్చాయి. కొత్తవి, ప్లాస్టిక్ కవర్లు కూడా తీయనివి, గ్రౌండులో వరసగా పెట్టారు. పంచే పని ఎప్పుడూ నాదే. నాయకులు వచ్చి, ముగ్గురు పిల్లలకు ఇచ్చి, ఫొటోలు దిగి వెళ్లిపోయారు. మిగతావాళ్లకు నేను ఇస్తున్నాను. ఆటోలు గేటు బయట సిద్ధంగా ఉన్నాయి. సైకిల్ తీసుకున్న వాళ్ల నాయనలు తాడేసి ఆటో పైన కట్టుకుని పోతున్నారు.

ఒక తల్లి కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ కాలనీ మనిషే. పిల్ల అప్పుడే సైకిల్ గంట కొట్టి చూస్తోంది.

"మేడం, ఇది తొక్కుతానంటాది," అంది తల్లి. "ఆటోకు నెలనెలా మావల్ల కావడం లేదు. వాళ్ల నాయన వద్దంటన్నాడు. మీరు చెప్తే ఇంటాడు. పంపీమంటారా?"

పిల్ల నా మొహంలోకి చూస్తోంది. పంపించమన్న మాట నోటిదాకా వచ్చి ఆగింది. వద్దని చెప్పడానికీ నోరు రాలేదు. గేటు బయట కారు ఒకటి ఆ సందులో తిరుగుతూ ఆటోకు హారన్ కొడుతోంది.

"మీ ఇష్టమమ్మా," అన్నాను.

తాళంచెవి పిల్ల చేతిలో పెట్టి, తర్వాతి పేరు పిలిచాను.